ఇంట్లోనూ సంఘంలోనూ విశ్వాసపు నడవడి

తెలుగు నేల మీద క్రైస్తవ విశ్వాసం ఒంటరి మనుషుల కంటే కుటుంబాల ద్వారా, పేటల ద్వారా ఎక్కువగా వ్యాపించింది. ఒంగోలు ప్రాంతంలో 1866లో బాప్తిస్మం పొందిన ఎర్రగుంట్ల పేరయ్య వెంట ఆయన భార్య నాగమ్మ కూడా ఉంది. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగే పేరయ్య తాను విన్నదాన్ని మొదట తన ఇంటివాళ్లకూ, ఆ తర్వాత బంధువులకూ చెప్పాడు. 1876–78 నాటి కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకం పనిలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. ఎవరూ తిండి కోసం మతంలోకి రాకూడదని ఆ సాయం సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఆ కొత్త విశ్వాసులకు పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చదువు రానివాళ్లకు సిద్ధాంతం పూర్తిగా బోధపడేదాకా ఆగకుండా, విశ్వాసాన్ని నేరుగా కంచంలోకీ పనిలోకీ వారంలోని ఒక రోజులోకీ తెచ్చిన నియమాలివి. ఊరి చాకిరీకి కట్టుబడిన కుటుంబం ఆదివారం పనికి రానంటే, జాతరలో డప్పు కొట్టనంటే గ్రామాధికారులకు ఆగ్రహం వచ్చేది. అయినా ఆ కుటుంబాలు నిలబడ్డాయి. ఇరుగుపొరుగుకు వాళ్లు క్రైస్తవులని తెలిసింది వాళ్లు వదులుకున్నదాన్ని బట్టే.

ఈనాటి కుటుంబానికి ఆ మూడు నియమాలే చాలవు. కట్నం, కోపం, అప్పు, ఆస్తి, కులం, సంఘంలో పదవి వంటి చోట్ల విశ్వాసం ఎంత లోతుగా దిగిందన్నది ఇప్పుడు తెలుస్తుంది. ఈ అధ్యాయం ఇంటితో మొదలుపెట్టి సంఘంలోకి వెళ్తుంది. సంఘంలో కనిపించే లోపాల్లో చాలావాటికి మూలం ఇంట్లోనే ఉంది కాబట్టి ఆ క్రమమే సరైనది. తిమోతికి రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయం సంఘ నాయకుడి అర్హతల్లో తన ఇంటిని చక్కగా నడపడాన్ని చేర్చడంలో ఉన్న తర్కం కూడా ఇదే.

కుటుంబ ప్రార్థన

క్రైస్తవ ఇంటి నడవడికి మొదటి అలవాటు కుటుంబ ప్రార్థన. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయం దేవుని మాటలను ఇంట్లో కూర్చున్నప్పుడూ దారిన నడిచేటప్పుడూ పిల్లలతో మాట్లాడమంటుంది. అందులో ఉపన్యాసం ప్రస్తావనే లేదు. తిమోతి విశ్వాసం అతని అవ్వ లోయి నుంచీ తల్లి యునీకే నుంచీ వచ్చిందని అతనికి రాసిన రెండో పత్రిక గుర్తుచేస్తుంది. తెలుగు ఇళ్లలోనూ ఈ అలవాటును నిలబెట్టింది ఎక్కువగా అమ్మమ్మలూ నాయనమ్మలే. చదవడం రాకపోయినా కీర్తనలు కంఠస్థంగా వచ్చిన తరం అది. పంతొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి వంటివారు రాగతాళాలతో కట్టిన కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ద్వారా ఇంటింటికీ చేరాయి. అక్షరం రాని వాళ్లకు బోధ అందింది చాలావరకు ఆ పాటల్లోనే.

ప్రార్థన ఆగిపోయిన ఇళ్లను గమనిస్తే కారణం సాధారణంగా భక్తి తగ్గడం కాదు, ప్రార్థన భారం కావడం. తండ్రి అరగంట ప్రసంగం చేస్తాడు, పిల్లలు కునికిపాట్లు పడతారు. ఇంకొన్ని ఇళ్లలో ప్రార్థనే తిట్ల దండకం అవుతుంది. ఫోన్ వదలని కొడుకు పేరూ, మార్కులు తగ్గిన కూతురి పేరూ ఎత్తి, వాళ్లకు బుద్ధి ఇమ్మని అందరి ముందూ దేవుణ్ణి అడుగుతారు. అది ప్రార్థన రూపంలో ఉన్న మందలింపని పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. వాళ్ల మనసులో దేవుడు అమ్మానాన్నల పక్షాన కూర్చున్న ఇంకో పెద్దమనిషి అవుతాడు. పిల్లల తప్పుల గురించి పిల్లలతోనే విడిగా మాట్లాడాలి. ప్రార్థనలో వాళ్ల పేరు కృతజ్ఞతతో, ప్రేమతో వినిపించాలి.

పది పదిహేను నిమిషాలు చాలు. ఒక పాట, ఒక వాక్యభాగం, రెండు మాటలు, ప్రార్థన. పాటను ఎంచుకునే వంతు పిల్లలకు ఇవ్వాలి. ఇంట్లో ప్రతి ఒక్కరూ ఆ రోజు కృతజ్ఞత చెప్పుకోదగ్గ ఒక సంగతీ, ప్రార్థన కావాల్సిన ఒక సంగతీ చెప్పే ఏర్పాటు ఉంటే, తండ్రికి ఆఫీసులో ఉన్న ఇబ్బంది పిల్లలకు తెలుస్తుంది, పిల్లకు బడిలో ఎదురైన అవమానం తల్లికి తెలుస్తుంది. వాక్యం చదివేటప్పుడు నచ్చిన వచనాల కోసం పేజీలు తిప్పే కంటే ఒక పుస్తకాన్ని మొదటి నుంచి చివరిదాకా చదవడం మేలు. మార్కు సువార్తకు 16 అధ్యాయాలు. రాత్రికి అర అధ్యాయం చొప్పున సుమారు నెల రోజుల్లో పూర్తవుతుంది. కొత్త సంవత్సరం వాచ్‌నైట్ కూడికలో తీసుకున్న వాగ్దాన కార్డును గోడకు పెట్టుకోవడం మంచి అలవాటే. కానీ ఏడాదంతా ఆ ఒక్క వచనమే చదివే ఇంట్లో పిల్లలకు బైబిలు పరిచయం కాదు.

అందరూ ఒకచోట లేని ఇళ్లు ఇప్పుడు ఎక్కువ. గోదావరి జిల్లాల నుంచీ కడప నుంచీ కువైట్ వెళ్లి ఇంటిపని చేసే తల్లులున్నారు. నైట్ షిఫ్టుల్లో ఉద్యోగం చేసేవాళ్లున్నారు. ఇంటర్మీడియట్ హాస్టళ్లలో ఉన్న పిల్లలు నెలకోసారి ఇంటికి వస్తారు. రోజూ కుదరదని మొత్తానికే మానేయడం కంటే, వారానికి రెండు రాత్రులు వీడియో కాల్‌లో పది నిమిషాలు కలవడం మంచిది. హాస్టల్ నుంచి పిల్లవాడు వచ్చిన రోజు ముందుగా అడగాల్సింది ఎలా ఉన్నాడని, ఏం తింటున్నాడని. చర్చికి వెళ్తున్నాడా లేదా అన్న ప్రశ్న ఆ తర్వాత.

పదిహేనేళ్లు దాటిన పిల్లలు ప్రశ్నలు వేస్తారు. సైన్సు పాఠానికీ ఆదికాండానికీ పొత్తు ఎలా, మంచివాళ్లకు కష్టాలు ఎందుకు, మిగతా మతాల స్నేహితుల సంగతేమిటి? ఇలా అడగడం పాపమని నోరు మూయిస్తే ఆ ప్రశ్న పోదు, పిల్లవాడే పోతాడు. తెలియదు, కలిసి తెలుసుకుందాం అని చెప్పగలిగిన తండ్రి మాటకే పిల్లల దగ్గర విలువ పెరుగుతుంది. ఎఫెసీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయం, పిల్లలకు కోపం రేపవద్దని తండ్రులను ప్రత్యేకంగా హెచ్చరించింది. పిల్లల విధేయత గురించిన భాగాన్ని వినిపించే ఇళ్లలో ఈ భాగాన్ని కూడా వినిపించాలి.

ఇంటి లోపలి కోపం, క్షమాపణ

ఆదివారం ఉదయం చాలా క్రైస్తవ ఇళ్లలో అరుపులు వినిపిస్తాయి. ఇస్త్రీ కాని చొక్కా, ఆలస్యమైన టిఫిన్, స్నానానికి లేవని పిల్లవాడు. ఆ అరుపులు చర్చి గేటు దగ్గర ఆగి, లోపల వందనాలు మొదలవుతాయి. ఈ తేడాను పిల్లలు చిన్నప్పుడే కనిపెడతారు. దీనికి మందు శనివారం రాత్రే ఉంది. బట్టలు, కానుక, బైబిళ్లు ముందే సిద్ధం చేసుకోవడం చిన్న పనే. అయితే ఆ పని తల్లి ఒక్కదాని మీదే పడకుండా పంచుకున్న ఇంట్లోనే అది ఫలిస్తుంది.

కోపం వచ్చిన తర్వాత క్షమాపణ అడగడం అంతకంటే కష్టం. తెలుగు ఇళ్లలో భార్యకు భర్తా, పిల్లలకు పెద్దలూ నోరు తెరిచి తప్పయిందని చెప్పే ఆనవాయితీ తక్కువ. భర్త మాటల్లో చెప్పకుండా కూరగాయలు తెచ్చిపెట్టో, భార్య పిలిచి అన్నం వడ్డించో రాజీ పడతారు. ఆ రాజీని తక్కువ చేయనక్కర్లేదు, కానీ అందులో తప్పు ఏదో తేలదు. ఏది తప్పో పేరు పెట్టి చెప్పి, మన్నించమని అడిగి, నష్టం ఉంటే సరిచేసినప్పుడే ఆ క్షమాపణకు క్రైస్తవ నిండుదనం వస్తుంది. కొడుకును అకారణంగా కొట్టిన తండ్రి ఆ సాయంత్రమే వాడి ముందు ఆ మాట చెప్పగలిగితే, పాపం ఒప్పుకోవడమంటే ఏమిటో ఏ సండే స్కూల్ పాఠం కంటే బాగా ఆ పిల్లవాడికి తెలుస్తుంది.

భార్యాభర్తల విషయంలో ఎఫెసీ పత్రిక 5వ అధ్యాయాన్ని తెలుగు వేదికల మీద తరచుగా సగమే వినిపిస్తారు. భార్య లోబడాలన్న మాటకు ముందు 21వ వచనం ఇద్దరూ ఒకరికొకరు లోబడాలంటుంది. ఆ తర్వాతి భాగంలో ఎక్కువ వచనాలు భర్త మీద మోపిన బాధ్యతకు సంబంధించినవే. క్రీస్తు తన్ను తాను అప్పగించుకున్నంతగా ప్రేమించమన్నది ఆ బాధ్యత. జీతం ఎంతో భార్యకు చెప్పని భర్త, ఆమె పుట్టింటి మాట ఎత్తి హేళన చేసే భర్త ఆ వచనాల ముందు ఎక్కడ నిలబడ్డాడో చూసుకోవాలి.

దెబ్బల సంగతి వేరుగా చెప్పాలి. భర్త తాగి కొడుతున్నాడని ఏడుస్తూ వచ్చిన స్త్రీకి ఓర్చుకో అమ్మా, ప్రార్థన చెయ్యి, ప్రభువు మారుస్తాడు అని చెప్పి పంపడం చాలా సంఘాల్లో ఉన్న అలవాటు. ఇది సలహా కాదు, ఆమెను మళ్లీ దెబ్బలకు అప్పగించడమే. క్షమించడమంటే దెబ్బలు తింటూ ఉండటం కాదు. ముందు ఆమె, పిల్లలు భద్రంగా ఉండే చోటు చూడాలి. గృహహింస నుంచి స్త్రీల రక్షణకు 2005లో వచ్చిన చట్టం కింద ఆమె రక్షణ ఉత్తర్వులు కోరవచ్చు, ఆ ఇంట్లో నివసించే హక్కు అడగవచ్చు. 181 నంబరుకు ఫోన్ చేస్తే మహిళా హెల్ప్‌లైన్ అందుతుంది. పాస్టరుగారి భార్య, స్త్రీల మైత్రి పెద్దలు ఈ సంగతులు తెలుసుకుని ఉండాలి. భర్త నిజంగా మారాడా అన్నది కన్నీళ్లతో ఇచ్చిన సాక్ష్యం తేల్చదు. తాగుడు మానేందుకు చికిత్స తీసుకుంటున్నాడా, నెలల తరబడి చెయ్యి ఎత్తకుండా ఉన్నాడా అన్నదే తేలుస్తుంది.

పెళ్లి, కట్నం, కులం

పెళ్లి కుదిరినప్పుడు కుటుంబ విశ్వాసం అందరి ముందూ పరీక్షకు నిలబడుతుంది. వరస ఆదివారాల్లో చర్చిలో పెళ్లి ప్రకటనలు చదువుతారు. అభ్యంతరం ఉన్నవారు చెప్పమని అడుగుతారు. వయసు గురించీ, ఇంతకుముందు పెళ్లి గురించీ విచారిస్తారు. కట్నం గురించి మాత్రం ఎవరూ అడగరు. కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం 1961 చట్టం ప్రకారం నేరం. అయినా క్రైస్తవ ఇళ్లలో అది ఆడపిల్లకు ఇష్టపూర్వకంగా ఇచ్చేదిగా, పెళ్లి ఖర్చుగా, కారుగా, స్థలంగా పేరు మార్చుకుని సాగుతూనే ఉంది. ఆడపిల్ల తండ్రి అప్పు చేసి తెచ్చిన డబ్బు చేతులు మారాక, అదే కుటుంబాలు బలిపీఠం ముందు నిలబడి ఆశీర్వాదం అడుగుతున్నాయి.

దీన్ని ఆపగలిగిన స్థానంలో సంఘ కాపరి ఉన్నాడు. ప్రకటన చదవడానికి ముందే రెండు కుటుంబాలనూ విడివిడిగా కూర్చోబెట్టి, డబ్బు అడిగారా, ఎంత, ఎలా ఇస్తున్నారని సూటిగా అడగాలి. తీసుకున్నది తిరిగి ఇచ్చే వరకూ పెళ్లి జరిపించనని చెప్పే ధైర్యం కావాలి. ఒక్క కాపరి అలా అంటే ఆ కుటుంబం పక్క చర్చికి వెళ్తుంది. కాబట్టి ఒక ఊళ్లోని అయ్యగార్లందరూ, ఏ సంఘానికి చెందినవారైనా, ఈ ఒక్క విషయంలో ఒక మాట మీద ఉండాలి. మగపిల్లవాడి తల్లిదండ్రులు అందరికంటే ముందు కట్నం తీసుకోబోమని ప్రకటించాలి. ఆడపిల్ల తండ్రి ఇవ్వనని చెప్పడం కంటే అది ఎంతో సులువు, ఎక్కువ ఫలితం కూడా ఇస్తుంది.

పెళ్లి సంబంధాల ప్రకటనల్లో క్రిస్టియన్ అన్న మాట పక్కనే కులం పేరు, కొన్నిసార్లు ఉపకులం పేరు కనిపిస్తుంది. ఒకే బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం తీసుకున్న రెండు కుటుంబాలు వియ్యం అందుకోవడానికి ఒప్పుకోవు. మాల సంఘం, మాదిగ సంఘం, రెడ్ల చర్చి అని ఊళ్లో జనం పేర్లు పెట్టి పిలుస్తున్నారంటే ఆ సంఘం సువార్తను ఎంతవరకు తీసుకుందో ఊరివాళ్లకే తెలుసన్నమాట. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయంలో పౌలు కోపగించింది సరిగ్గా ఇలాంటి దానికే. ఉన్నవాళ్లు ముందే తిని, లేనివాళ్లు ఆకలితో ఉండగా జరిగే భోజనం ప్రభువు భోజనం కానే కాదని ఆయన వాదన.

సువార్తికుడు భక్త్ సింగ్ (1903–2000) హైదరాబాద్‌లోని హెబ్రోను సహవాసంలోనూ మిగతా సహవాసాల్లోనూ ఆరాధన తర్వాత ప్రేమవిందును వాడుకగా చేశారు. చదువు, కులం, స్థాయి చూడకుండా అందరూ కింద వరసల్లో కూర్చుని ఒకే అన్నం తినేవారు. కలిసి భోంచేయడం చాలా సంఘాల్లో ఇప్పటికే జరుగుతోంది. మిగిలిన మెట్టు వియ్యం. వేరే కులపు విశ్వాసిని పెళ్లాడతానని పిల్లలు వచ్చినప్పుడు తల్లిదండ్రులు ముందుగా అడగాల్సిన ప్రశ్నలు ఆ మనిషి నడవడి గురించీ, బాధ్యత గురించీ, విశ్వాసం గురించీ ఉండాలి. బంధువులు ఏమంటారోనన్న ప్రశ్న ఆ జాబితాలో లేదు.

ఆస్తి, తల్లిదండ్రుల సంరక్షణ

వీలునామా రాయకుండా చనిపోయిన క్రైస్తవుడి ఆస్తికి 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. భార్యా పిల్లలూ ఉంటే మూడో వంతు భార్యకు, మిగిలిన రెండు వంతులు పిల్లలందరికీ సమానంగా చెందుతాయి. కొడుకు, కూతురు అన్న తేడా చట్టంలో లేదు. వాడుకలో మాత్రం ఇల్లూ పొలం కొడుకులకే పోతాయి. పెళ్లి చేశాం కదా అంటూ కూతుళ్లతో సంతకం పెట్టించుకుంటారు. తల్లి వంతును అడిగేవాళ్లే ఉండరు. అన్నదమ్ములు ఏళ్ల తరబడి మాట్లాడుకోకపోవడానికీ, ఒకే సంఘంలో వేరువేరు గుమ్మాల నుంచి లోపలికి రావడానికీ వెనక ఇలాంటి లెక్కలే ఉంటాయి. ఆస్తి ఉన్న తల్లిదండ్రులు ఆరోగ్యంగా ఉన్నప్పుడే వీలునామా రాసి, అందులో ఏముందో పిల్లలందరినీ కూర్చోబెట్టి చెప్పడం మంచిది.

వృద్ధులైన తల్లిదండ్రుల పోషణ విషయంలో మార్కు సువార్త 7వ అధ్యాయం కఠినంగా మాట్లాడుతుంది. తల్లిదండ్రులకు చెందాల్సినదాన్ని కొర్బాను, అంటే దేవునికి అర్పితం అని చెప్పి తప్పించుకునేవాళ్లను యేసు తప్పుపట్టాడు. ఊళ్లో ఒంటరిగా ఉన్న తల్లికి మందులు కొనకుండా పట్నంలో చర్చి కట్టడానికి పెద్ద కానుక ఇచ్చిన కొడుకు ఈ మాట కిందికే వస్తాడు. ఆ కానుకను ఫలకం మీద చెక్కించే ముందు సంఘం కూడా ఆలోచించాలి.

డబ్బు, ఇవ్వడం

ఇవ్వడం తెలుగు సంఘాలకు కొత్త కాదు. అన్నం వండే ముందు పిడికెడు బియ్యం తీసి విడిగా ఉంచి ఆదివారం చర్చికి తెచ్చే అలవాటు పేద ఇళ్ల నుంచే వచ్చింది. కోత పండుగకు తెచ్చిన గుమ్మడికాయలు, కోళ్లు, వడ్లు వేలం పాడి, వచ్చిన డబ్బు సంఘానికి ఇస్తారు. 1912లో మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా అభిషేకం పొంది దోర్నకల్ నుంచి పనిచేసిన వి.ఎస్. అజరయ్య ఇవ్వడం గురించి ప్రత్యేకంగా పుస్తకమే రాశాడు. కూలి చేసుకునే సంఘాలు కూడా తమ కాపరిని తామే పోషించుకోవాలని ఆయన పట్టుబట్టాడు. ఎప్పుడూ పుచ్చుకునే సంఘం ఎదగదన్నది ఆయన నమ్మకం.

ఇవ్వడం ఆనందంగా సాగాలంటే ఇంటి లెక్క బాగుండాలి. నెల మొదట్లోనే కానుకను విడిగా తీయడం, ఎంత ఇవ్వాలన్న నిర్ణయం భార్యాభర్తలిద్దరూ కలిసి తీసుకోవడం, పిల్లలు తమ చేతి డబ్బులోంచి కొంత ఇచ్చేలా చూడడం చాలు. అప్పుల్లో మునిగిన కుటుంబం దశమభాగం ఇవ్వలేదని సిగ్గుపడాల్సిన పని లేదు. డ్వాక్రా వాయిదా, వడ్డీ వ్యాపారి బాకీ తీర్చడం కూడా నిజాయితీలో భాగమే. ఇంత విత్తితే దేవుడు ఇన్ని రెట్లు ఇస్తాడని టీవీలో చెప్పి డబ్బు పంపమనేవాళ్ల మాట విని నగలు తాకట్టు పెట్టిన ఇళ్లున్నాయి. ఆ బోధ బేరం నేర్పుతుంది, విశ్వాసం నేర్పదు.

సంఘం వైపు నుంచి లెక్కలు తేటగా ఉండాలి. కానుక లెక్కపెట్టేటప్పుడు కనీసం ఇద్దరు ఉండటం, జమా ఖర్చులు నెలనెలా నోటీసు బోర్డు మీద పెట్టడం, ఏడాదికోసారి బయటి ఆడిటర్‌కు చూపించడం ఏ చిన్న సంఘానికైనా సాధ్యమే.

సంఘ జీవితం

కొంతమంది విశ్వాసులు ఆదివారం ఒకచోట ఆరాధనకు, శుక్రవారం ఇంకోచోట ఉపవాస ప్రార్థనకు, మధ్యలో సభలకు వెళ్తారు. మిగతా రోజుల్లో యూట్యూబ్‌లో ప్రసంగాలు వింటారు. వినడానికి కొదవ లేదు. కానీ జబ్బు చేసినప్పుడు తలుపు తట్టేవాళ్లు, తప్పు దారి పట్టినప్పుడు అడిగేవాళ్లు ఒక సంఘంలో వేళ్లూనుకున్నవాళ్లకే దొరుకుతారు. సంఘాన్ని ఎంచుకునేటప్పుడు బోధ వాక్యానుసారంగా ఉందా, లెక్కలు చూపిస్తున్నారా, పేదవాళ్లకు ముందు వరస దొరుకుతోందా చూడాలి. యాకోబు పత్రిక 2వ అధ్యాయం చెప్పిన పరీక్ష ఇదే. ఎంచుకున్న తర్వాత పాటల బృందమో, సండే స్కూలో, శుభ్రం చేసే పనో ఏదో ఒకటి చేత పట్టాలి. ఎండాకాలం సెలవుల్లో విబిఎస్ (సెలవుల బైబిలు బడి) నడిపే యువకులు ఆ పది రోజుల్లో నేర్చుకునేది పిల్లలు నేర్చుకునే దానికంటే ఎక్కువ.

కాపరి కుటుంబం గురించి సంఘాలు తక్కువ ఆలోచిస్తాయి. అమ్మగారు ఏ చీర కట్టింది, వాళ్ల పిల్లలు ఎలా చదువుతున్నారు అన్నది అందరి చర్చ. జీతం సమయానికి అందిందా అన్నది ఎవరికీ పట్టదు. వారంలో ఒక రోజు కాపరికి నిజమైన సెలవు ఇవ్వాలి. ఆయన పిల్లలను మిగతా పిల్లల్లాగే పెరగనివ్వాలి.

చాడీలు క్రైస్తవుల మధ్య ప్రార్థన అంశం పేరుతో తిరుగుతాయి. ఫలానా వాళ్ల అమ్మాయి కోసం ప్రార్థన చేయండి అంటూ మొదలై, వాట్సాప్ గ్రూపులో ఆ అమ్మాయి జీవితమంతా పరచుకుంటుంది. ఒకరి సంగతిని వాళ్ల అనుమతి లేకుండా ప్రార్థన కోసం కూడా చెప్పకూడదన్న నియమం ప్రతి కూడికలోనూ ఉండాలి.

సంఘాల్లో పెద్ద గాయాలు ఎన్నికలప్పుడూ ఆస్తుల వ్యవహారాల్లోనూ పడతాయి. పాస్టరేట్ కమిటీ పదవి కోసం ప్యానెళ్లు కట్టడం, ఓడినవాళ్లు వేరే కూడిక పెట్టుకోవడం, చర్చి స్థలం కేసులు ఏళ్ల తరబడి కోర్టులో ఉండటం తెలుగు క్రైస్తవులకు తెలియనివి కావు. మత్తయి సువార్త 18వ అధ్యాయం చూపిన వరస స్పష్టంగా ఉంది. తప్పు చేసినవాడితో ముందు ఒంటరిగా మాట్లాడాలి, వినకపోతే ఒకరిద్దరిని వెంట తీసుకెళ్లాలి, ఆ తర్వాతే సంఘం ముందుకు రావాలి. ఆచరణలో ఈ వరస తలకిందులై ముందు ఊరికంతా తెలుస్తుంది, ఆఖరున ఆ మనిషికి చెబుతారు. ప్రభువు భోజనపు సంస్కారం ఉండే ఆదివారానికి ముందటి వారంలో గొడవపడ్డ ఇద్దరూ ఒకరి ఇంటికి ఒకరు వెళ్లడం సంఘంలో ఆనవాయితీ అయితే చాలా తగాదాలు పెరగక ముందే ఆగుతాయి. బలిపీఠం దగ్గర కానుకను విడిచి ముందు వెళ్లి సమాధానపడమన్న కొండమీది ప్రసంగం మాటకు ఇదే ఆచరణ.

అయితే ఒక విషయంలో ఈ వరస వర్తించదు. పిల్లల మీద లైంగిక అఘాయిత్యం జరిగిందని తెలిస్తే ఒంటరిగా మాట్లాడి సర్దుబాటు చేయడం నేరానికి తోడ్పడటమే. 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. చేసినవాడు కాపరి అయినా, పెద్ద అయినా అంతే. పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098.

విశ్వాసం పంచుకోని బంధువుల మధ్య

భార్య మాత్రమే విశ్వాసి అయిన ఇళ్లు తెలుగు సంఘాల్లో ఎన్నో. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 7వ అధ్యాయం, అవిశ్వాసి అయిన భర్త కాపురం చేయడానికి ఇష్టపడితే అతణ్ణి విడిచిపెట్టవద్దంటుంది. ఆమె ఆదివారం చర్చికి వెళ్లే ముందు ఇంటి పనులు చక్కబెట్టి, అత్తమామలను ప్రేమగా చూసుకుంటే ఆమె విశ్వాసం మీద ఆ ఇంట్లో అనుమానం తగ్గుతుంది. భర్త విశ్వాసి కాలేదని సంఘంలో ఆమెను తక్కువ చేయడం, ప్రతి కూడికలో అతని మార్పు కోసం పేరు చెప్పి ప్రార్థించడం ఆమెను ఇబ్బంది పెడతాయి. అతనికి తెలిస్తే ఆమె దారి మరింత మూసుకుపోతుంది.

బంధువుల ఇంట పండుగలప్పుడు ప్రసాదం తీసుకోవాలా వద్దా అన్న ప్రశ్న వస్తుంది. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఈ సంగతిని మూడు అధ్యాయాల పాటు చర్చించాడు. సొంత మనస్సాక్షితో పాటు పక్కవాడి మనస్సాక్షిని కూడా చూడమన్నాడు. వద్దనుకున్నవాళ్లు మర్యాదగా, నవ్వుతూ వద్దనవచ్చు. వాళ్ల దేవుళ్లను తిట్టడం మాత్రం ఎక్కడా విశ్వాసంలో భాగం కాదు. పెళ్లికి, జబ్బుకు, చావుకు ముందుగా వెళ్లి నిలబడే బంధువు మాటనే మిగతావాళ్లు వింటారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చికి ప్రతి క్రిస్మస్‌కీ అన్ని మతాల జనం వస్తారు. ఇంటి క్రిస్మస్ కూడా అలాగే వీధికి తలుపు తెరిచి ఉండాలి.

వృద్ధాప్యం, మరణం

నడవలేని పెద్దవాళ్లకు సంస్కారం ఇంటికి తీసుకెళ్లడం కాపరి పని. వాళ్లను ఆదివారం చర్చికి చేర్చడం ఆటో, బండి ఉన్న యువకుల పని. వినికిడి తగ్గినవాళ్లకు ముందు వరస కుర్చీ, పెద్ద అక్షరాల బైబిలు చిన్న ఖర్చులే.

మరణం వచ్చినప్పుడు తెలుగు సంఘం బాగా నిలబడుతుంది. రాత్రంతా పాటలు పాడుతూ కూర్చుంటారు, భోజనాలు తెస్తారు, సమాధి దాకా నడుస్తారు. జ్ఞాపకార్థ కూడికకు అప్పు చేసి వందలమందికి బిర్యానీ పెట్టాలన్న ఒత్తిడి మాత్రం ఈ మధ్య పెరిగింది. దాన్ని తగ్గించమని సంఘ పెద్దలే ముందుగా ఆ కుటుంబానికి చెప్పాలి. కూడిక అయిపోయాక ఆ ఇంటికి రాకపోకలు ఒక్కసారిగా ఆగిపోతాయి. అసలు భారం అప్పుడు మొదలవుతుంది. చావును 21 రోజుల్లోగా నమోదు చేయించి ధ్రువపత్రం తీసుకోవాలి. బ్యాంకు ఖాతా, బీమా, వితంతు పింఛను, పిల్లల ఫీజు వంటివి తిరిగి చూసుకోవాలి. సంఘం ఒక కుటుంబాన్ని ఏడాది పాటు ఆ ఇంటికి తోడుగా నియమిస్తే, ఆ కుటుంబం నెలకు రెండుసార్లు వెళ్లి, మొదటి క్రిస్మస్‌కీ మొదటి సంవత్సరీకానికీ వాళ్లను ఒంటరిగా వదలకుండా చూసుకోగలదు.